ఎనభై ఆరు బ్యాచి కబుర్లు

ఫిబ్రవరి 8

కొలీన్ ఫార్గోలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళింది. కొన్నాళ్ళుండి వస్తుంది. మంచు విపరీతంగా పడుతోంది కనుక రోడ్లు బాగుపడ్డాకే తిరిగి రమ్మని నేనే చెప్పాను. ఆమె పెట్టె జిప్పు లాగింది. కుక్కని నా దగ్గరే వదిలి వెళ్ళింది. రాకూడదనుకున్న మనిషి కుక్కని వదిలి వెళుతుందా?

ఫిబ్రవరి 11

రేడియో స్టేషన్‌లో నా స్థానంలో కంప్యూటర్ వాతావరణం చెబుతోంది. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ ఊరికి ఎండా వానా నా నోటి నుంచే వచ్చాయి. ఇప్పుడు ఎవరో అమ్మాయి గొంతు. దానికి అమ్మా నాన్నా కూడా లేరట. ఇవాళ పొద్దున్న ఆ గొంతు "రోజంతా ఎండ" అని తియ్యగా చెప్పింది. ఆ ఎండని పారతో వాకిట్లోంచి ఎత్తిపోసేసరికి నా నడుం పడిపోయింది.

ఫిబ్రవరి 16

ఎల్డర్‌బీ కాలేజీ పత్రికకి మా బ్యాచి కబుర్లు పంపాల్సిన సమయం వచ్చింది. ఈ బ్యాచికి కార్యదర్శి పదవి నాకెలా వచ్చిందో ఎవరికీ గుర్తులేదు. ఓట్లేమీ వేయలేదు. అందరూ ఒక అడుగు వెనక్కి వేస్తే నేను కదలకుండా నిలబడి ఉంటాను.

వచ్చిన కబుర్లు: షెరిల్ మళ్ళీ మారథాన్ పరిగెత్తింది, ఈసారి గ్రీసులో. ఏ ఊళ్ళో పరిగెత్తినా షెరిల్ దేన్నుంచి పారిపోతోందో అడగాలని ఉంటుంది నాకు. ట్రెవర్‌కి ఇంకో పేటెంట్ వచ్చింది, ఏదో గొట్టం మూత. మిగతావాళ్ళు మౌనం. మనుషులు గెలిచినప్పుడే ఉత్తరాలు రాస్తారు. మా బ్యాచిలో మిగిలినవాళ్ళంతా మామూలుగా బతుకుతున్నారన్నమాట.

నా గురించి ఇలా రాసుకున్నాను: "డ్వైట్ హాల్వర్సన్, కొలీన్ సెయింట్ క్లౌడ్‌లో హాయిగా ఉన్నారు. డ్వైట్ ఈమధ్య రేడియో బాధ్యతల నుంచి విరామం తీసుకున్నాడు." మళ్ళీ చదివి చూసుకుంటే ఇందులో సెయింట్ క్లౌడ్ ఒక్కటే నిజం.

ఫిబ్రవరి 18

రస్సెల్ పోయాడు.

వాడుండే బెమిడ్జి ఊరి పత్రికలో చూశాను. రస్సెల్ అమండ్‌సన్, అరవై ఒకటి, చేపలు పట్టడం ఇష్టం, ఇంట్లోనే నిద్రలో. కాలేజీలో మేం నలుగురం ఒక జట్టు. రస్సెల్, వాడి గదిలో ఉండే పాల్, తర్వాత పాల్‌ని పెళ్ళాడిన నొరీన్, నేను. కాలేజీ రేడియో నడిపేవాళ్ళం. వినేవాళ్ళు మాకంటే తక్కువమంది. రస్సెల్‌తో నేను మాట్లాడి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టబోయి మానేశాను.

కూర్చుని నివాళి రాశాను. "అతను గదిలోకి అడుగుపెడితే చలికాలం కూడా కోటు విప్పి కూర్చునేది" అని వచ్చిందో వాక్యం. రాసి, లేచి, వంటింట్లో అటూ ఇటూ తిరిగాను. నా జన్మలో ఇంత మంచి వాక్యం రాయలేదు. చర్చిలో క్రిస్మస్‌కి రస్సెల్ ఒంటరిగా పాడిన పాట గురించి కూడా రాశాను. అప్పుడు కళ్ళు తడిశాయి. ఎవరి కోసమో తెలియదు గాని, తడిశాయి.

మార్చి 14

కుక్కని తిప్పుకుని వచ్చేసరికి కొలీన్ వచ్చి వెళ్ళిన గుర్తులు. కేకుల పిండి కలిపే యంత్రం, కుట్టుమిషను లేవు. చెల్లెలికి కేకులు చేసిపెట్టాలేమో. రోడ్లు ఇంకా జారుతూనే ఉన్నాయి. చెల్లెలి వ్యాను పెద్దది కనుక రాగలిగి ఉంటుంది.

ఏప్రిల్ 4

పత్రిక వచ్చింది. నివాళి చక్కగా వేశారు, చుట్టూ నల్లగీత. రెండుసార్లు చదువుకున్నాను. మూడోసారి చదువుతుండగా ఫోన్ మోగింది.

"డ్వైట్ ఉన్నాడా?"

"నేనే."

"నేను రస్సెల్‌ని."

"ఏ రస్సెల్?"

"నువ్వు చంపిన రస్సెల్‌ని."

నేను వంటింటి నేల మీద కూర్చున్నాను. కుక్క వచ్చి చెవి నాకింది.

"ఒరేయ్, లైన్లో ఉన్నావా? నువ్వూ పోతే ఇక మన బ్యాచిలో రాసేవాడే ఉండడు."

"బెమిడ్జి పేపర్లో..."

"వాడు అమండ్‌సెన్‌రా. నేను అమండ్‌సన్. వాడు మా ఊరి అవతల చెరువు దగ్గర ఉండేవాడు. మంచివాడే. మా ఇద్దరి ఉత్తరాలూ ఎప్పుడూ తారుమారయ్యేవి. ఇప్పుడు చావు కూడా నాకొచ్చింది."

క్షమించమన్నాను. ఎన్నిసార్లన్నానో.

"సర్లే. బాగా రాశావు. నేనొస్తే చలికాలం కోటు విప్పుతుందా? మా ఇంట్లో హీటరు చెడిపోయింది, వచ్చి విప్పమను చూద్దాం." నవ్వాడు. తర్వాత, "క్రిస్మస్‌కి చర్చిలో పాడింది నేను కాదురా. పాల్. నాకు గొంతెక్కడిది?" అన్నాడు.

పాల్ పోయి చాలా ఏళ్ళయింది. వాడు నేను రాస్తే పోలేదు, నిజంగానే పోయాడు.

ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. గొంతు సవరించుకుని, ఏదో మామూలు సంగతి అడుగుతున్నట్టు అడిగాడు. "ఎవరైనా ఏమైనా అన్నారా? నేను పోయానని తెలిసి?"

పత్రిక నాకంటే ముందే అందినవాళ్ళ నుంచి అప్పటికి నాకొచ్చినవి రెండే. షెరిల్ ఫోన్‌కి ఒక ఏడుపు బొమ్మ పంపింది. ట్రెవర్ "అయ్యో పాపం. నా పేటెంట్ నంబరు తప్పు పడింది, వచ్చే సంచికలో సవరించు" అని రాశాడు.

"చాలామంది రాశారు" అన్నాను.

"ఏదీ, చదువు."

చదివాను. కరెంటు బిల్లు వెనకవైపు చూస్తూ చదివాను. ట్రెవర్ నోట రస్సెల్ పెద్దమనసు, షెరిల్ నోట రస్సెల్ నవ్వు. ఎక్కడా తడుముకోలేదు. రేపటి వాన గురించి ముప్ఫై ఏళ్ళు ఊహించి చెప్పినవాడిని, ఇదెంత.

వాడు మొత్తం విన్నాడు. చివరికి, "సవరణ ఇప్పుడే వెయ్యకు. జూన్‌లో కాలేజీలో మన బ్యాచి కలయిక ఉందిగా. అప్పటిదాకా ఉండనీ" అన్నాడు.

ఏప్రిల్ 9

నొరీన్ ఫోన్ చేసింది. కాలేజీ అయ్యాక ఇన్నేళ్ళలో ఆమె ఏడవగా నేను వినలేదు. పాల్ శవపేటిక పక్కన కూడా వినలేదు.

"పాల్ పోయినప్పుడు వాడు రాలేదు డ్వైట్. ఒకే గదిలో నాలుగేళ్ళు ఉన్నవాడు. ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ రోజు నుంచి మనసులో వాణ్ణి తిడుతూనే ఉన్నాను. ఇప్పుడు చూడు, తిట్టడానికి కూడా మనిషి లేకుండా పోయాడు."

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా.

"వాడి ఇంట్లో ఇప్పుడు ఎవరో ఒకరు ఉంటారు కదా? చిరునామా ఇవ్వు. ఏదైనా వండి పట్టుకెళతాను."

నేను నోరు తెరిచే ఉన్నాను కదా. అందులోంచి చిరునామా వచ్చింది.

రేపు చెబుతాను.

ఏప్రిల్ 10

వాన.

ఏప్రిల్ 11

నొరీన్‌కి ఫోన్ చేశాను, ఎత్తలేదు. నిజం చెప్పాలంటే ఒకసారి మోగనిచ్చి పెట్టేశాను. దాన్ని ఆమె ఎత్తకపోవడం అనవచ్చో లేదో. రస్సెల్‌కి చేద్దామనుకున్నాను. వాడికి ఏమని చెప్పాలి? నీకోసం ఏడ్చిన మనిషి ఒకరు నిజంగానే దొరికారు, ఆ ఒక్కరికీ నువ్వు బతికున్నావని చెప్పలేదు అనా?

ఏప్రిల్ 12

మధ్యాహ్నం రస్సెల్ ఫోన్. ముందు ఊపిరి వినిపించింది. తర్వాత మాట.

"నొరీన్ వచ్చింది."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"తలుపు కొడితే తీశాను. చేతిలో పెద్ద గాజు పాత్ర, మీద రేకు కప్పి, పట్టుకోవడానికి రెండు చేతులకీ తొడుగులు. బంగాళాదుంపలూ మాంసమూ కలిపి ఓవెన్లో కాల్చింది. చావు ఇంటికి తెచ్చే వంట. నన్ను చూసింది."

"పడేసిందా?"

"నొరీన్ పడేస్తుందా? నా చేతుల్లో పెట్టింది. 'కాలుతుంది, జాగ్రత్త' అంది. వెనక్కి తిరిగి వెళ్ళి కారులో కూర్చుంది. కారు స్టార్ట్ చెయ్యలేదు. స్టీరింగ్ మీద తల పెట్టింది. తల హారన్‌కి తగిలి అది మోగుతూనే ఉంది. పక్కింటివాళ్ళు బయటికొచ్చారు."

"మరి నువ్వు?"

"ఆ పాత్ర పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళాను. ఎక్కడ దించాలో తెలియలేదు మరి. కిటికీ అద్దం దించమన్నాను. దించలేదు. అద్దంలోంచే చెప్పాను. పాల్ పోయిన వారం నేను తాగుడు మాన్పించే ఆసుపత్రిలో ఉన్నాను, చెయ్యి వణికి సంతకం కూడా పెట్టలేకపోయాను, బయటికొచ్చాక నీ ముందుకి రావడానికి మొహం చెల్లలేదు, ఏడాది గడిచాక ఇంకా చెల్లలేదు అని. వినబడిందో లేదో. అరిచి చెప్పాను. పక్కింటివాళ్ళకి మాత్రం వినబడింది."

"తర్వాత?"

"అద్దం దించింది. 'ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయేదిరా నీకు?' అంది. లోపలికొచ్చింది. ఇద్దరం తిన్నాం. ఉప్పు తక్కువైంది. చెప్పలేదు."

అప్పుడు ఫోన్‌లో చప్పుడైంది. నొరీన్ లాక్కుంది.

"ఒరేయ్ డ్వైట్! నీకు బుద్ధుందా? వీడు బతికున్నాడని తెలిసీ నాకు చిరునామా ఇస్తావా? మూడు గంటలు ఏడుస్తూ కారు నడిపానురా! మధ్యలో ఆగి పెట్రోలు పోసుకుంటే బంకులో కుర్రాడు కూడా నన్ను ఓదార్చాడు!"

"చెబుదామనే అనుకున్నాను, నొరీన్. నిన్న ఫోన్ చేశాను..."

"ఒకసారి మోగి ఆగింది, అది నువ్వేనా? దాన్ని ఫోన్ చెయ్యడమంటారా? కొలీన్‌ని పిలువు. నీ సంగతి ఆవిడతో మాట్లాడతాను."

కొలీన్ బజారుకి వెళ్ళిందన్నాను.

ఏప్రిల్ 14

పూర్వ విద్యార్థుల కార్యాలయంలో మార్లిస్ అని ఒకావిడ ఉంది. ఆవిడకి మొత్తం రాసి పంపాను. వెంటనే ఫోన్ చేసింది. ఆవిడ కోపం వచ్చినకొద్దీ మర్యాద పెంచుతుంది.

"డ్వైట్ గారూ, మీరు ఇన్నేళ్ళుగా చేసిన సేవకి కాలేజీ ఎంతో రుణపడి ఉంది."

ఇంతమంచి మాట విన్నాక ఎవరికైనా అర్థమవుతుంది. వచ్చే సంచిక నుంచి మా బ్యాచి కబుర్లు షెరిల్ రాస్తుంది. ఎలాగూ పరిగెత్తుతుంది కదా, దారిలో అందర్నీ పలకరిస్తుంది.

ఉన్న రెండు ఉద్యోగాలూ పోయాయి. రెండోదానికి జీతం లేదు కనుక నష్టమేమీ లేదు. అయినా సాయంత్రం దాకా కోటు వేసుకుని వాకిట్లో కూర్చున్నాను.

మే 6

లాయరు పేరుతో ఒక కవరు వచ్చింది. చాలా లావుగా ఉంది. దాన్ని కుక్క నీళ్ళ గిన్నె కింద పెట్టాను, నీళ్ళు ఒలకకుండా బాగా ఆపుతోంది.

మే 19

రోడ్లు పూర్తిగా బాగున్నాయి. లిలాక్ పూలు కూడా వచ్చేశాయి. ఈ సీజన్‌లో ఫార్గో వైపు మరమ్మతులు చేస్తారు. అదొకటి ఉంది.

మే 27

రస్సెల్ వారానికోసారి ఫోన్ చేస్తున్నాడు. వాడు చెరువు గట్టున పడవల మోటార్లు బాగుచేస్తుంటాడు. ఫోన్ పక్కన పెట్టి పని చేసుకుంటూ మాట్లాడతాడు. సగం మాటలు మోటారుకి, సగం నాకు. "ఏమైంది నీకు, ఎందుకు దగ్గుతున్నావు?" అంటే నాకు అనుకుని జవాబు చెప్పాను ఒకసారి.

నొరీన్ ఆదివారాలు అక్కడికి వెళుతోందట. ఇంకా తిడుతోందా అని అడిగాను. "ఇన్నేళ్ళ బాకీ కదరా, నెమ్మదిగా తీరుస్తోంది" అన్నాడు.

కొలీన్ ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను. అది నిజమే అయివుంటుంది.

జూన్ 13

కలయిక నుంచి ఇప్పుడే వచ్చాను. ఇంకా ఎండ ఉంది. వరసగా రాస్తాను.

ముందు చర్చిలో పోయినవాళ్ళ పేర్లు చదివారు. ఒక్కో పేరుకీ ఒక గంట. మార్లిస్ కొత్త కాగితం ఇచ్చిందట గాని, ఫాదరుగారు పాతదే పట్టుకొచ్చారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "రస్సెల్ అమండ్‌సన్" అన్నారు. గంట మోగింది. చాలా గంభీరంగా మోగింది. ముందు వరసలో మార్లిస్ మెడ ఎర్రబడటం నాకు వెనక నుంచి కనిపించింది.

నా పక్కన రస్సెల్ లేచి నిలబడ్డాడు. మనిషి బక్కచిక్కాడు, కోటు వేరేవాళ్ళదిలా ఉంది.

"వచ్చానండీ" అన్నాడు, హాజరు పిలిచినట్టు.

వెనక వరసలో ఎవరో కెవ్వుమన్నారు. తర్వాత నవ్వులు, చర్చి అంతా. ఫాదరుగారు బల్ల పట్టుకుని నవ్వారు. నొరీన్ మాత్రం రస్సెల్ కోటు కొస పట్టి, "కూర్చోరా, తర్వాత పేరు పాల్‌ది" అంది మెల్లగా. వాడు కూర్చున్నాడు. పాల్ పేరు చదివారు, గంట మోగింది. నొరీన్ కోటు కొస వదల్లేదు. వాడు కదల్లేదు.

భోజనాల దగ్గర అందరూ రస్సెల్ చుట్టూ మూగారు. మా బ్యాచిలో ఎవరూ ఇంత ఘనకార్యం చెయ్యలేదు. ట్రెవర్ వచ్చి చెయ్యి కలిపి, గొట్టం మూత గురించి చెప్పి వెళ్ళాడు. వాడు అటు వెళ్ళగానే రస్సెల్ నా వైపు తిరిగాడు.

"నాకు పెద్ద మనసని వీడే కదరా రాశాడు?"

"అవును."

"ట్రెవర్ తన పేటెంట్ లేకుండా ఒక్క వాక్యం రాయలేడు. షెరిల్‌కి నేనెవరో ఇవాళ నా చొక్కా మీద చీటీ చూస్తేగాని తెలియలేదు. ఆ రోజే అనుకున్నాను, ఇదంతా వీడే అల్లుతున్నాడని. మధ్యలో 'సాయంత్రానికి తెరిపి ఇస్తుంది' అన్న గొంతొకటి వచ్చింది నీకు."

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

బంగాళాదుంపల సలాడ్‌ని చెంచాతో అటూ ఇటూ తోశాడు. "ఒకడు కష్టపడి నాకోసం అబద్ధమాడుతుంటే బాగుందిరా. ఆపాలనిపించలేదు."

అప్పుడు షెరిల్ వచ్చింది, చేతిలో పుస్తకం, చెవి మీద పెన్ను. కొత్త కార్యదర్శి కదా. "డ్వైట్, నీ కబుర్లు చెప్పు. కొలీన్ ఏది? రాలేదా?"

రోడ్ల గురించి చెప్పబోయాను. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. వాకిట్లో పిల్లలు చెప్పుల్లేకుండా పరిగెడుతున్నారు.

"కొలీన్ నన్ను వదిలి వెళ్ళిపోయింది" అన్నాను. "ఫిబ్రవరిలోనే. రేడియో వాళ్ళు నన్ను తీసేశారు. లాయరు కవరు ఇంట్లో ఉంది, తెరవలేదు."

ఒకడు నిజం చెబితే మిగతావాళ్ళూ ఒక్కొక్కరే మనసు విప్పుతారని ఎక్కడో చదివాను. అలాంటిదేమీ జరగలేదు. షెరిల్ పెన్ను గాల్లో ఆపి, "ఇది... వెయ్యమంటావా?" అంది. ఎవరో కాఫీ కోసం లేచారు. అవతలి బల్ల నుంచి ట్రెవర్ గొంతు, మూతకి రెండో రకం కూడా వస్తోందట.

నొరీన్ నన్ను కళ్ళు చిట్లించి చూసింది. "బజారుకి వెళ్ళిందన్నావు."

"అవును."

"ఏప్రిల్‌లో."

"అవును."

"పెద్ద బజారే." నిమ్మకాయ తీపి ముక్కలున్న పళ్ళెం నా ముందుకి తోసింది. "తిను. చిక్కిపోయావు."

చిక్కలేదు. లావయ్యాను. తిన్నాను.

వెళ్ళేటప్పుడు రస్సెల్ కారు దగ్గరికి వచ్చాడు. "ఆ కవరు ఇవాళ తెరువు. ఇంట్లో ఒక్కడివే ఉండి తెరవకు, వాకిట్లో కూర్చుని తెరువు. తెరిచాక నాకు ఫోన్ చెయ్యి. ఒకసారి మోగించి పెట్టెయ్యకు."

తెరిచాను. వాకిట్లోనే. ఫోన్ చేశాను. వాడు ఇంకా దారిలోనే ఉన్నాడు, కారు పక్కకి తీసి, మోటారు ఆపి మాట్లాడాడు.

జూన్ 20

ఫార్గో వెళ్ళి వచ్చాను. పట్టుకెళ్ళినవి: సంతకం పెట్టిన విడాకుల కాగితాలు, కొలీన్ ఎండాకాలం చెప్పులు, వాళ్ళమ్మ ఫోటో, కుక్క. కుక్కని చూపించడానికే, ఇవ్వడానికి కాదు. ఆ సంగతి దారి పొడవునా దానికి చెబుతూనే ఉన్నాను.

కొలీన్ లోపలికి రమ్మనలేదు. వసారాలో కుర్చీ వేసింది. కాఫీ తెచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. బాగుంది. కాగితాలు తీసుకుని ఒక్కో పేజీ చూసి పక్కన పెట్టింది. నాతో తగువు పడటానికి సిద్ధమై కూర్చున్నట్టుంది. నేను పడకపోయేసరికి ఆ చేతులతో ఏం చెయ్యాలో తెలియక కుక్క చెవులు నిమిరింది.

"కాలేజీ పత్రిక చూశాను" అంది. "ఆ రస్సెల్ గురించి నువ్వే రాశావా?"

"నేనే."

"చాలా బాగుంది. చదివి ఏడ్చాను." కప్పులోకి చూసింది. "బతికున్న మనిషి గురించి ఎప్పుడైనా ఒక్క మంచి మాట అలా రాశావా, డ్వైట్? అన్నావా, పోనీ?"

నేను ఆలోచించాను. ముప్ఫై ఏళ్ళనీ వెనక్కి తిప్పి చూశాను. ఈమె గదిలోకి వస్తే ఏమయ్యేదో ఎప్పుడూ చెప్పలేదు. రేపు గాలి ఎటు నుంచి వీస్తుందో మాత్రం రోజూ చెప్పాను.

"రస్సెల్ బతికే ఉన్నాడు కొలీన్" అన్నాను. "పొరపాటు పడ్డాను."

ఆమె నన్ను చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక కప్పు కింద పెట్టేసింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. నేనూ నవ్వాను. కుక్క మా ఇద్దరి మధ్యా తిరిగి తోక ఊపింది.

తర్వాత ఆమె రెండు కప్పులూ తీసుకుంది. "జాగ్రత్తగా వెళ్ళు" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా కాదు, మామూలుగానే.